ఫ్యాక్టరీ పచ్చ

"తలుపు తియ్యమ్మాయ్."

షెడ్డు వైపు నుంచి మామగారు మూడోసారి తట్టాడు. వంటింటికీ షెడ్డుకీ మధ్యనున్న ఆ తలుపుకి గడియ ఉందన్న సంగతే ఇంట్లో అందరూ మర్చిపోయారు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఆ గడియని నిన్న సాయంత్రం కోడలు సుత్తితో కొట్టి మరీ వేసింది.

"ఇటు కాదు మామయ్యా. వీధిలోంచి తిరిగి ముందు గుమ్మానికి రండి."

"నా ఇంట్లోకి నేను వీధి చుట్టి రావాలా?"

"ఈ తలుపు మాత్రం తియ్యను."

అత్తగారు టీ గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడిపోయింది. 

"పొద్దున్నే గొంతులో టీ పడందే ఆయన మనిషి కాడని నీకు తెలీదా? పిల్లకి ఒంట్లో బాగోకపోతే ముసలాణ్ణి బయట నిలబెట్టడం ఏం వైద్యమే?"

"డాక్టరమ్మ ఫోన్లో ఏం చెప్పిందో మీరూ విన్నారు కదా అత్తయ్యా."

"విన్నాను. రక్తంలో సీసం ఉందంది. మనింట్లోకి సీసం ఎక్కడినుంచి వస్తుంది?"

"అదే వెతకమంది. పది గంటలకి పిల్లని తీసుకెళ్ళేలోపు వెతకమంది."

అవతల అడుగుల చప్పుడు దూరమైంది. మామగారు వీధి వైపు నడిచాడు.

ముందు గదిలో మంచం మీద పాప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నాలుగేళ్ళు దానికి. వీధంతా దాన్ని పిచ్చుక అనే పిలుస్తారు. కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా నోరు మూతపడేది కాదు మరి. నెల కిందట కడుపునొప్పి అంది. తర్వాత తిండి మానేసింది. ఊరికే ఏడ్చింది, ముట్టుకుంటే కసిరింది. తొమ్మిది రోజులుగా ఒక్క మాట లేదు. పేరు పెట్టి పిలిస్తే చూస్తుంది, అంతే. ఆ చూపులో పలుకు లేదు.

రక్తంలో సీసం లెక్క అయిదు దాటితేనే కంగారు పడాలట. దీనికి యాభై రెండు.

తల దగ్గర తండ్రి కూర్చుని ఉన్నాడు. రాత్రంతా అలాగే కూర్చున్నాడు. షెడ్డులో అతను ఇంజిన్లు విప్పి బాగుచేస్తాడు, వాళ్ళ నాన్న రంగు వేస్తాడు. పాత కార్ల మోజున్న వాళ్ళు ఎక్కడెక్కడినుంచో ఇంజిన్లు మోసుకుని ఈ షెడ్డుకే రావడానికి కారణం మాత్రం ఆ రంగే. యాభై ఏళ్ళనాటి ఇంజిన్‌ని ఆ ముసలాయన నిన్నగాక మొన్న ఫ్యాక్టరీ గేటు దాటొచ్చినట్టు చేసి ఇస్తాడు. 'ఫ్యాక్టరీవాడే వచ్చి చూసినా తన పనే అనుకుని మీసం మెలేసుకుని పోతాడు' అంటూ నవ్వేవాడు. పనివాళ్ళంతా ఆయన్ని రంగుల మేస్త్రి అంటారు.

ఆ మేస్త్రి ఇప్పుడు ముందు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపలికి అడుగు పెట్టలేదు. తెచ్చిన నాలుగు రంగు డబ్బాలు మెట్టుమీద వరసగా పెట్టాడు.

"చదువుకో. నేను వాడేవి ఇవే. సీసం లేదని కంపెనీవాడే అచ్చేసి ఇచ్చాడు."

కోడలు కిందకి వంగి ఒక్కో డబ్బా తిప్పి చదివింది. మందుల షాపులో పని చేస్తుంది కాబట్టి చిన్న అక్షరాలు చదవడం అలవాటే. ఆయన చెప్పింది నిజమే. నాలుగింటి మీదా ఉంది.

"నలభై ఏళ్ళుగా ఆ షెడ్డులోనే ఊపిరి పీలుస్తున్నాను. నాకేమైంది? దుక్కలా ఉన్నాను. నా పని మీదకి నెడతావేంటమ్మా?"

"నాన్నా, ఎవరూ ఏమీ అనలేదు," అన్నాడు కొడుకు, లేవకుండానే.

"తలుపు గడియ పెట్టడం అనడం కాదా?"

డబ్బాల్లో లేదని తెలిస్తే గుండె తేలికపడాలి. కోడలికి ఉన్న ధైర్యం కూడా జారిపోయింది. ఇంతసేపూ భయానికి ఒక చోటంటూ ఉంది, తలుపు అవతల ఉంది. ఇప్పుడది ఇల్లంతా పాకింది. కుళాయి నీళ్ళా? గోడ సున్నమా? పాలగ్లాసా? రోజూ దాని నోటికి తన చేత్తో అందించేదాంట్లోనే ఏదైనా ఉందా?

ఒక కాగితం తీసుకుని కూర్చుంది. పాప రోజంతా ఎక్కడెక్కడ ఉంటుందో గంటగంటకీ రాసుకు రమ్మంది డాక్టరు. పొద్దున ఇంట్లో. తను షాపుకి వెళ్ళేది పన్నెండుకి, వచ్చేది అయిదుకి. 'మధ్యాహ్నం నాయనమ్మ దగ్గర నిద్ర' అని రాసింది. వెనకనుంచి అత్తగారు ఆ కాగితంలోకి తొంగిచూడటం తెలుస్తూనే ఉంది.

"అయిదు దాకా మీ పక్కనే కదా అత్తయ్యా పడుకునేది?"

అత్తగారు మంచం మీది పాప వైపు తిరిగింది.

"అత్తయ్యా?"

"పడుకుంటుంది... ఓ గంట."

"తర్వాత?"

అత్తగారు గుమ్మం వైపు చూసింది. మామగారు డబ్బాల వైపు చూశాడు.

"తర్వాతేముంది! దానితో ఏమన్నా బరువులు మోయించామా? కాసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఇదా అదా అని రంగు అడిగితే..." అంటూ అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పటికే నోరు జారింది.

కోడలి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"షెడ్డులోకి తీసుకెళ్తున్నారా?"

"అరిచి పిల్లని బెదరగొట్టకు."

"నేను అరవడం లేదు అత్తయ్యా. అడుగుతున్నాను. రోజూనా?"

"రోజూ అంటే... పని ఉన్న రోజున."

"ఎన్నాళ్ళ నుంచి?"

అత్తగారు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి భయపడినట్టు తల దించుకుంది. కోడలు భర్త వైపు తిరిగింది.

"మీరు అక్కడే ఉంటారు కదండీ."

"మధ్యాహ్నాలు సామాన్లకి బజారుకి పోతాను."

"ఎప్పుడూ చూడలేదా?"

అతను పాప దుప్పటి సర్దాడు. సర్దిందే మళ్ళీ సర్దాడు. "రెండు మూడుసార్లు చూశాను. నాన్న ఒళ్ళో ఉంది. ఆడుకుంటోంది అనుకున్నాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోనని తెలిసి చెప్పలేదా?"

గదిలో ముగ్గురు పెద్దవాళ్ళున్నారు, గుమ్మంలో ఒకరు. నలుగురిలో తనకొక్కతికే తెలియదు.

"నాలుగేళ్ళ పిల్లని మీరు రంగు అడగడమేంటి మామయ్యా? మీరు మేస్త్రి కదా?"

మామగారు గొంతు తగ్గించి అన్నాడు, "రా. చూపిస్తాను."

*

కోడలు ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళింది. భర్త వస్తానని లేచాడు. "మీరు పిల్ల దగ్గర ఉండండి," అంది వెనక్కి చూడకుండా.

పెళ్ళయి ఏడేళ్ళయినా షెడ్డులో ఆ లోపలి మూలకి ఆమె వచ్చింది తక్కువ. కిటికీ కింద ఇనుప స్టాండు మీద ఇంజిన్ బ్లాకు ఉంది. సగం మసి, సగం ఉప్పుకాగితం రుద్దిన తెలుపు.

"దీని నంబరు బిళ్ళ విప్పాను. చూడు," అన్నాడు మేస్త్రి. బిళ్ళ కింద రూపాయంత మేర లేత ఆకుపచ్చ మెరుస్తోంది. "ఇదీ అసలు ఫ్యాక్టరీ పచ్చ. ఎండ తగల్లేదు, నూనె తగల్లేదు. మిగతాదంతా ఎవడికి తోచిన రంగు వాడు పూసుకుంటూ పోయాడు. ఇక్కడ చూడు, మెల్లగా రుద్దుకుంటూ పోతే పొరలన్నీ బయటపడతాయి. నలుపు, దాని కింద నీలం, దాని కింద ఇంకో పచ్చ. అట్టడుగున ఇది."

చెప్తున్నంతసేపూ ఆయన గొంతులో పాత గర్వం పొడచూపింది. అంతలోనే ఎందుకొచ్చారో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు.

కోడలు పొరల్ని చూడటం లేదు. కిటికీ వెలుగులో పక్క బల్లమీద పరుచుకుని ఉన్న పొడిని చూస్తోంది. రుద్దినప్పుడు రాలిన పొడి. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. దాని నిండా చిన్న చిన్న వేళ్ళ గుర్తులు. ఒకచోట ఏదో గీత గీసింది. ఒకచోట ఇల్లు కాబోలు, గీయబోయి సగంలో వదిలేసింది.

మేస్త్రి గోడకి ఆనించిన రెండు రేకు ముక్కలు తీశాడు. రెండింటికీ రంగు వేసి ఆరబెట్టి ఉంది.

"ఆ బిళ్ళ కింద రంగుకి ఈ రెండింట్లో ఏది కలిసింది?"

"ఇప్పుడు అదా మామయ్యా..."

"చెప్పమ్మా. ఒక్కసారి."

"ఇది కలిసింది. అది అసలు పచ్చేనా? బూడిదరంగు."

మేస్త్రి రెండు రేకుల్నీ కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు. దగ్గరగా తెచ్చాడు, దూరంగా పెట్టాడు. చేతులు దించాడు.

"నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి."

బయట వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఎప్పటినుంచి?" అంది కోడలు.

"రెండేళ్ళు. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. వాడికి కూడా. రంగుల మేస్త్రికి రంగు కనపడదంటే ఈ గేటు తొక్కేదెవరు? ఓ రోజు అది ఇక్కడికొచ్చి, 'తాతా, ఇది కాదు, ఇదీ' అని చూపించింది. చూస్తే అదే కరెక్టు. ఇక అప్పట్నుంచి... ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదమ్మా. ఒక్కసారి కూడా."

"కళ్ళ డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించాను. లోపల నరం దెబ్బతింది అన్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు."

"ఏం చెప్పారు?"

"తోటపని అన్నాను."

కోడలు ఆయన ముఖంలోకి చూసింది. నలభై ఏళ్ళుగా నాకేమైందని గంట కిందటే గుమ్మంలో నిలబడి అడిగిన మనిషి ఈయనే. అది ఆయనకీ గుర్తొచ్చిందేమో, చూపు తప్పించాడు.

అప్పుడామెకి ఇంకో అనుమానం వచ్చింది.

"మీరు తెచ్చి చూపించిన నాలుగు డబ్బాలతోనే ఈ పచ్చ వస్తుందా?"

మేస్త్రి రేకు ముక్కల్ని మళ్ళీ గోడకి ఆనించాడు.

"మామయ్యా, పిల్ల ప్రాణం మీదికొచ్చింది. డాక్టరమ్మకి అబద్ధం పట్టుకెళ్ళమంటారా?"

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి వంగాడు. బల్ల కింద చెయ్యి పెట్టి ఒక తగరపు డబ్బా లాగాడు. చీటీ లేదు, పేరు లేదు. మూత తియ్యబోతే కోడలు వద్దని వారించింది. అంచుకి పట్టిన పొడి చాలు. నిండైన పసుపు, గుడ్డుసొనలాంటి పసుపు.

"కొత్తగా వచ్చే పసుపు వేస్తే పచ్చ తేలిపోతుంది. అప్పట్లో ఫ్యాక్టరీలు ఇదే కలిపేవి. తర్వాత అమ్మకం ఆపేశారు. ఆపేస్తున్నారని తెలిసి దొరికినంతా తెచ్చి దాచుకున్నాను."

"ఎందుకు ఆపేశారో తెలుసా?"

"తెలుసు."

ఒక్క మాటే. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. మనిషిని పట్టుకుని కుదిపెయ్యాలన్నంత కోపం రావాల్సింది. రాలేదు. భయం వేసింది.

"నేను పెద్దవాణ్ణి, నాకేం కాదులే అనుకున్నాను. అది ఈ డబ్బా ముట్టుకోలేదమ్మా. ఒట్టు. చెంచాతో నేనే తీసి, నేనే కలిపేవాణ్ణి. అది చూసేదంతే."

కోడలు బల్లమీది వేళ్ళ గుర్తుల్ని చూపించింది.

మేస్త్రి ముఖం బల్లకి ఆనేంత దగ్గరగా పెట్టి చూశాడు. రంగు తెలియని కళ్ళకి కూడా అవి కనపడ్డాయి. అలాగే ఉండిపోయాడు.

"పాత రంగు రుద్దిన దుమ్ములోనూ ఈ సీసమే ఉంటుంది కదా మామయ్యా?"

"ఉంటుంది."

"ఈ వేళ్ళు నోట్లో పెట్టుకుంటే..."

"చెప్పకమ్మా," అన్నాడు. బల్ల వైపే చూస్తూ, "నేనూ వస్తాను. ఆ డాక్టరమ్మకి నా నోటితో నేనే చెప్తాను," అన్నాడు.

వద్దు అనాలని ఉంది ఆమెకి. "స్నానం చేసి రండి," అంది.

*

డాక్టరు గదిలో గోడ గడియారం కింద అయిదు కుర్చీలున్నాయి. అత్తగారు వార్డు బయట బెంచీ మీద ఉండిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. పాప తండ్రి భుజం మీద తల వాల్చి ఉంది. నర్సు మోచేతి దగ్గర మళ్ళీ రక్తం తీసినప్పుడు కూడా అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని తల్లి ఎదురుచూసింది.

మామగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా చెప్పాడు. పొడి సంగతి, దుమ్ము సంగతి, కళ్ళ సంగతి, తోటపని సంగతి. మధ్యలో ఒకచోట కొడుకు తలెత్తి, "కళ్ళా? నాన్నా, నీకు..." అన్నాడు. తండ్రి అతని వైపు చూడకుండా చెప్పుకుంటూ పోయాడు.

డాక్టరు తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ప్రతిదీ రాసుకుంది. తిట్టినా ఇంత భయం వేసేది కాదు.

"నలభై అయిదు దాటితే మందుతో ఆ సీసాన్ని బయటికి లాగాలి," అంది చివరికి. "ఇవాళే చేర్చుకుంటున్నాను. ఫిట్స్ రాకుండా కనిపెట్టుకుని ఉండాలి. మీ ఇల్లు శుభ్రం అయ్యేదాకా పాపని ఇంటికి పంపను."

"మాటలు వస్తాయా డాక్టర్?" అన్నాడు భర్త.

"రావచ్చు. ఎంతవరకూ అన్నది ఇవాళ చెప్పలేను. చెప్తే మీకోసం చెప్పినట్టవుతుంది."

అతను పాప వీపు మీద చెయ్యి ఆడిస్తూ ఉండిపోయాడు.

"ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలి. పెద్దాయన ముందు." డాక్టరు కాగితం తిప్పింది. "షెడ్డులో వేసుకున్న బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"నేనే," అంది కోడలు.

"మెషీన్లోనా?"

"చేత్తోనే. ముందు పెరట్లో గట్టిగా దులిపి, నానబెట్టి..."

"దులుపుతారా?"

"లేకపోతే నీళ్ళన్నీ పచ్చగా అయిపోతాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెళ్ళయిన దగ్గర్నుంచి. రెండు రోజులకోసారి."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. అంతసేపట్లో ఆమె పెన్ను వదలడం అదే మొదటిసారి.

"నెలసరి సరిగ్గా వస్తోందా?"

షాపులో అరలోంచి తనే తీసుకుని, తనే డబ్బు గల్లాలో వేసి, వెనక బాత్రూములో చూసుకున్న గర్భపరీక్ష చీటీ గుర్తొచ్చింది కోడలికి. ఎనిమిది రోజులైంది. పిల్ల మాట్లాడటం మానేసిన మర్నాడు. రెండో గీత పడింది చూసి, ఇప్పుడు కాదు, దీనికి నయమయ్యాక చెప్తాను అనుకుంది. ఈ ఎనిమిది రోజుల్లో నాలుగుసార్లు బట్టలు దులిపింది.

"తొమ్మిది వారాలు," అంది డాక్టరు వైపే చూస్తూ.

భర్త పాపతోపాటు సగం లేచి ఆగిపోయాడు. "ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే, మీ ముందే."

మామగారు లేచాడు. ఎవరివైపూ చూడలేదు. బయటికి వెళ్ళబోయి తలుపు నెట్టాడు. అది లోపలికి లాగే తలుపు. నెడుతూనే ఉన్నాడు. లాగాలని ఎవరూ చెప్పలేదు.

నర్సు ఇంకో ఖాళీ గొట్టం తెచ్చింది. డాక్టరు దాని మీద చీటీ అంటించి తనే కుర్చీ జరుపుకుని కోడలి పక్కకి వచ్చింది. చెయ్యి చాపమంది. రబ్బరు పట్టీ మోచేతి పైన చుట్టింది.

"ఎప్పటికి తెలుస్తుంది?"

"రేపు సాయంత్రానికి."

"పిల్లకి అయిదు దాటకూడదన్నారు." కోడలు భర్త భుజం మీది పాప వైపు చూసింది. "కడుపులో ఉన్నదానికి ఎంతవరకూ పరవాలేదు డాక్టర్?"

డాక్టరు పట్టీ బిగించింది. వేలితో నరం వెతికింది.

"పిడికిలి బిగించండి," అంది.